రెండింటికీ ఓర్చుకునే మొక్క

భార్య పాపాయి గులాబీలు ఇచ్చేసిన సంగతి ఐజాక్‌కి వీధిలోనే తెలిసింది.

రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరిన ఆర్టీసీ బస్సును పొద్దున్నే రాజమండ్రి డిపోలో అప్పగించి, ధవళేశ్వరం వచ్చి ఇంటివైపు నడుస్తున్నాడు. తమ ఇంటికి కాస్త ఇవతల, హైస్కూల్లో తెలుగు చెప్పే వరహాలక్ష్మిగారి ప్రహరీగోడ మీద వరసగా గులాబీ కుండీలు కనిపించాయి. ఒక కుండీ అంచు విరిగి ఉంది. దాన్ని విరగ్గొట్టింది తనే, బండికి స్టాండు వేస్తూ. అది చూశాక గానీ అవన్నీ తమవేనని పోల్చుకోలేకపోయాడు.

ఇంటి దగ్గర పాపాయి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆ మధ్య బాగా చిక్కిపోయింది. చేతికి గాజులు నిలవడం లేదని తీసి లోపల పెట్టేసింది.

"మన గులాబీలు ఆ గోడ మీద ఉన్నాయేంటి?"

"ఇచ్చేశానండి."

"ఆవిడ అడిగారా?"

"లేదు, నేనే ఇచ్చాను. సన్నజాజి కూడా తవ్వి పట్టుకెళ్ళమన్నాను. ఆదివారం మనిషిని పంపిస్తానన్నారు. స్నానం చేసి రండి, ఉప్మా చేశాను."

ఐజాక్ తువ్వాలు అందుకున్నాడు. స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడు. పాపాయికి జబ్బు తిరగబెట్టి అప్పటికి కొన్ని వారాలైంది. మొదటిసారి రకరకాల మందులు రాసిన డాక్టరు ఈసారి నొప్పికి మాత్రమే రాసిచ్చాడు. దాని అర్థం ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి ఎత్తడానికి మూడో మనిషీ లేడు.

ఉప్మా తింటూ అన్నాడు. "మోయలేకపోతే చెప్పొచ్చుగా. నీళ్ళు నేను పోస్తాను కదా."

పాపాయి అతనివైపు చూసి నవ్వింది. "మీరా?"

ఆ నవ్వుకి కారణం ఉంది. ఒకప్పుడు వాళ్ళ అక్కకి ఆపరేషన్ అయితే పాపాయి మండపేట వెళ్ళి కొన్నాళ్ళు ఉండిపోయింది. మొక్కలు ఐజాక్‌కి అప్పజెప్పింది. అతను ఇంట్లో ఉన్న రోజుల్లో పొద్దునా సాయంత్రం పైపు పెట్టి, కుండీల్లో మట్టి వరిచేను దమ్ము చేసినట్టు అయ్యేదాకా పోశాడు. డ్యూటీకెళ్ళిన రోజుల్లో సూర్యాపేట దాటాక గుర్తొచ్చేది, ఇవాళ పోయలేదని. ఆవిడ తిరిగొచ్చేసరికి సగం మొక్కలు వేరు కుళ్ళి పండుబారాయి, సగం ఎండిపోయాయి. పాపాయి అతన్ని ఒక్క మాట అనలేదు. కత్తెర తెచ్చుకుని ఎండుకొమ్మలు కత్తిరించుకుంటూ కూర్చుంది.

ఐజాక్ మాత్రం వారం రోజులు ఆ కుండీల చుట్టూ తిరిగాడు. నావల్లే పోయాయి, నావల్లే పోయాయి అని అన్నం తింటూ కూడా అనేవాడు. చివరికి పాపాయే విసుక్కుని, "మొక్కలండీ, మనుషులు కాదు. ఊరుకోండి" అంది.

గులాబీలు, సన్నజాజి వెళ్ళిపోయాక ఇంటిముందు జాగా బోసిపోయింది. ఐజాక్‌కి అది నచ్చలేదు. బతికుండగానే సామాను సర్దుకుంటున్నట్టు అనిపించింది. వరహాలక్ష్మిగారి మీద లోపల్లోపల కోపం పెట్టుకున్నాడు. జబ్బుమనిషి ఇస్తానంటే మాత్రం తీసుకోవాలా?

ఆ తర్వాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. కడియం నర్సరీ నుంచి మొక్కలు వచ్చాయి. పాపాయి ఆటోలోనే వెళ్ళి, ఆటోలోనే తిరిగొచ్చి, ఆయాసపడుతూ మెట్టు మీద కూర్చుని ఎక్కడ ఏది పెట్టాలో ఆటో అబ్బాయికి చెబుతోంది. గోడవారన కాగితప్పూల తీగ. మూలన గన్నేరు. గేటు పక్కన నందివర్ధనం. వరండా పొడవునా కుండీల్లో పొడుగాటి నున్నటి ఆకులున్న మొక్క, దేనికీ పువ్వు లేదు.

"ఇదేంటి, ఉల్లికాడల్లా?" అన్నాడు ఐజాక్.

"అగపాంథస్ అంటారంట. మనం ఊటీలో చూశాం. చర్చి గోడ పక్కన నీలంగా గుత్తులు గుత్తులు. మీకు గుర్తులేదు."

నిజంగానే గుర్తులేదు. డిపోలో వాళ్ళంతా కుటుంబాలతో వెళ్ళిన ప్రయాణంలో అతనికి గుర్తున్నది ఘాట్ రోడ్డు మలుపులు మాత్రమే.

"ఊటీ మొక్క మన ఎండలకి పూస్తుందా?"

"పూయకపోవచ్చన్నారు. చావదు మాత్రం అన్నారు."

"పువ్వులేని మొక్కెందుకు పాపాయీ?"

"ఆకు పచ్చగా ఉంటుంది కదండీ" అని ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది.

ఏప్రిల్లో పాపాయి పోయింది. చివరి రోజుల్లో ఐజాక్ సెలవు పెట్టి పక్కనే ఉన్నాడు. మొక్కల గురించి ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఎవరెవరికి కబురు చెప్పాలో చెప్పింది, పాస్టరు గారితో ఏ పాటలు పాడించాలో చెప్పింది, ఫ్రిజ్‌లో పెరుగు తీసి పారేయమంది. సమాధుల తోటకి తీసుకెళ్ళే ముందు వరహాలక్ష్మిగారు వచ్చి పెట్టె మీద గులాబీలు ఉంచారు. అవి ఎక్కడివో ఐజాక్‌కి తెలుసు. ఆవిడ ఏదో చెప్పబోతుంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అతను మళ్ళీ బస్సెక్కాడు. ఒక రాత్రి వెళ్ళడం, మర్నాడు రాత్రి తిరుగు ప్రయాణం, ఇంటికొచ్చి పడుకోవడం. గుమ్మం ముందు ఏముందో చూడలేదు. చెంబుడు నీళ్ళు పోయలేదు. ఆ ఏడు రోహిణీ కార్తె మామూలుగా లేదు. కాలువ కట్టేశారు, కొళాయి సన్నగా వచ్చేది. వీధిలో జామచెట్లు సైతం ఆకు రాల్చేశాయి.

ఒకరోజు తలుపు తాళం తీస్తూ ఎందుకో వెనక్కి తిరిగాడు. వరండా పొడవునా ఆ కుండీలు అలాగే ఉన్నాయి. ఆకుల కొనలు కాస్త ఎండాయి గానీ మిగతాదంతా పచ్చగా ఉంది. గన్నేరు పూసింది. కాగితప్పూల తీగ గోడ దాటి వీధిలోకి వంగింది.

ఐజాక్‌కి సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఆవిడ లేదు, చూసేవాళ్ళు లేరు, ఒక్క చుక్క నీళ్ళు లేవు, అయినా ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాయి. చివరనున్న కుండీ దగ్గరికెళ్ళి ఆకులన్నీ గుప్పిట్లో పట్టుకుని పైకి లాగాడు. రాలేదు. మోకాలు కుండీకి ఆనించి మళ్ళీ లాగాడు. మొక్క బదులు కుండీయే పైకి లేచి, జారి కిందపడి రెండు ముక్కలైంది. లోపల మట్టి కంటే వేళ్ళే ఎక్కువ ఉన్నాయి. తెల్లగా, లావుగా, ఒకదాన్నొకటి చుట్టుకుని అచ్చం కుండీ ఆకారంలోనే గట్టిపడ్డాయి.

అతను ఆ వేళ్ళ ముద్ద ముందు గొంతుకూర్చున్నాడు. కోపం దిగిపోయింది. ఇప్పుడు దీన్ని ఏం చేయాలో తెలియలేదు. అలా వదిలేస్తే ఎండిపోతుందేమో. పాపాయి తెచ్చిన మొక్క తన చేతిలో ఎండిపోవడం అన్న ఊహ భరించలేకపోయాడు. తడి గోనెసంచిలో చుట్టి, బండి ముందు పెట్టుకుని, కాలువ గట్టు రోడ్డు మీద కడియం వెళ్ళాడు.

పాపాయి మొక్కలు కొన్న నర్సరీ యజమాని గణేష్‌బాబు. నడివయసు మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని ఆఫీసు పాక ముందు ఫోన్లో మాట్లాడుతున్నాడు. గోనెసంచి విప్పగానే ఫోన్ పెట్టేశాడు.

"ఇది మా సరుకే. ఊటీ వైపు నుంచి తెప్పించిన లాటు. ఎవరండి మీరు?"

ఐజాక్ ఇంటి గుర్తు చెప్పాడు. గణేష్‌బాబు కాసేపు ఆలోచించాడు.

"పాపాయిగారి తాలూకానా? డ్రైవరుగారు మీరేనా? కూర్చోండి, కూర్చోండి. ఆవిడెలా ఉన్నారండి?"

ఐజాక్ చెప్పాడు. గణేష్‌బాబు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. తర్వాత తనే అందుకున్నాడు.

"ఆవేళ ఆవిడ పూటంతా ఇక్కడే ఉన్నారండి. నడవలేకపోతుంటే స్టూలు వేయించాను. స్టూలు ఒక్కో వరస దగ్గరికి జరిపించుకుంటూ ప్రతి మొక్క గురించీ ఒకటే అడిగారు. నాలుగు రోజులు నీళ్ళు పోయకపోతే బతుకుతుందా? ఒకేసారి బిందెలు బిందెలు పోసేస్తే బతుకుతుందా? నాకు నవ్వొచ్చింది. అమ్మా, ఎండకి ఓర్చుకునేవి వేరు, తడికి ఓర్చుకునేవి వేరు, ఏదో ఒకటి చెప్పండి అన్నాను. అప్పుడు ఆవిడేమన్నారంటే..." గణేష్‌బాబు నవ్వబోయి, ఐజాక్ మొహం చూసి ఆగాడు.

"చెప్పండి. పర్లేదు."

"మా ఆయన డ్రైవరండి, ఇంట్లో ఉంటే తెగ పోస్తారు, లేకపోతే అసలు పోయరు, రెండింటికీ ఓర్చుకునే మొక్క కావాలి అన్నారండి. అప్పుడు ఇది చూపించాను. దుంపలో నీరు దాచుకుంటుంది కాబట్టి ఎండకి భయం లేదు. నీళ్ళు నిలిస్తేనే దుంప కుళ్ళుతుంది. అందుకని మట్టిలో సగానికి సగం ఇసుక, గులకరాళ్ళు కలిపించి, కుండీలకి అడుగున చిల్లులు పెద్దవి చేయించుకున్నారు. ఎంత పోసినా కిందికి పోవాలి అన్నారు. ఆవిడ దగ్గరుండి చేయించారండి."

పక్కన షెడ్డులో ఎవరో మొక్కలకి పైపుతో నీళ్ళు కొడుతున్నారు, ఐజాక్ ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. ముందు సిగ్గేసింది. తన గురించి ఎవరో తెలియని మనిషి దగ్గర అలా చెప్పిందని. తర్వాత ఆ మాటలో తప్పేమీ లేదని తోచింది. తనెలాంటివాడో ఆవిడకి అంత కచ్చితంగా తెలుసు. మారమని ఎన్నడూ అడగలేదు. తను మారనవసరం లేని మొక్కలు వెతుక్కుంది.

"ఇప్పుడు దీన్నేం చేయమంటారు?" అని అడిగాడు చివరికి.

"వేళ్ళు ఇరుకైతే దీనికి బాధేం లేదు, ఇంకా ఇష్టం కూడానూ. కానీ ఎలాగూ బయటికొచ్చేసింది కాబట్టి పిలకలు విడదీద్దాం."

గణేష్‌బాబు పెద్ద కత్తి తెచ్చి వేళ్ళ ముద్దని మధ్యకి కోశాడు. ఐజాక్‌కి ప్రాణం చివుక్కుమంది. "ఏం కాదండి, మొండిది" అన్నాడు గణేష్‌బాబు. ఆకుల కొసలు సగానికి కత్తిరించాడు. తెగిన చోట నుంచి జిగురు కారింది. అది చేతికి దురద పెడుతుందని కడుక్కోమన్నాడు. రెండు పిలకలు రెండు కుండీల్లో పెట్టి, కొన్నాళ్ళు నీడలో ఉంచి, మట్టి ఎండితేనే నీళ్ళు పోయమన్నాడు. వేలు మట్టిలోకి గుచ్చి చూడటం నేర్పాడు.

"ఎప్పటికైనా పూస్తుందంటారా?"

"అబద్ధం ఎందుకు, చెప్పలేనండి. మా దగ్గర పూసినవన్నీ మొగ్గతో వచ్చినవే. ఇక్కడి చలి దానికి చాలదు."

తిరిగొచ్చేటప్పుడు ఒక కుండీ బండి ముందు, ఒకటి వెనక కట్టుకున్నాడు. వీధిలోకి తిరిగి వరహాలక్ష్మిగారి ఇంటి ముందు బండి ఆపాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలియదు. గోడ మీద కుండీలు ఇప్పుడు లేవు.

ఆవిడ గేటు దాకా వచ్చి, అతన్ని చూసి బిత్తరపోయారు. "అన్నయ్యగారా, రండి లోపలికి. గులాబీల కోసమా అండి?"

"కాదండి. ఊరికే."

లోపలికి వెళ్ళి కూర్చున్నాక ఆవిడ మంచినీళ్ళిచ్చారు. అతను తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని అడిగాడు. "పాపాయి మీకు ఆ మొక్కలు ఎందుకిచ్చిందో చెప్పిందా?"

వరహాలక్ష్మిగారు ఎదురుగా మోడా మీద కూర్చున్నారు.

"నేను వద్దన్నానండి. మీరు బాగుండగా ఇవ్వండి, పుచ్చుకుంటాను, ఇప్పుడొద్దు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేను పోయాక అవి ఎలాగూ ఎండిపోతాయండీ, ఎండిపోవడం ఆయన రోజూ చూడాలి, తనవల్లే పోయాయనుకుంటారు, ఒకసారి చూశాను, ఆ బాధ మళ్ళీ పడకూడదు అన్నారు. ఇక కాదనలేకపోయాను. ఆరోజు మీకు చెబుదామనుకున్నాను. మీరు మొహం తిప్పేసుకున్నారు."

ఐజాక్ గ్లాసు కింద పెట్టాడు. భార్య పోయిన రోజు నుంచి అతను నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు, అంతగా పరిచయం లేని ఇంట్లో, జేబులో రుమాలు దొరక్క చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వరహాలక్ష్మిగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, కావలసినంత సేపు అక్కడే ఉండి, కాఫీతో వచ్చారు.

"గోడ మీద లేవేంటండి కుండీలు?" అని అడిగాడు కాఫీ తాగుతూ.

ఆవిడ తల దించుకున్నారు. "ఏం చెప్పనండి. ఈ ఎండలకి రెండు చచ్చిపోయాయి. రోజూ పోశాను, నీడకి కూడా జరిపాను. మీరు డ్యూటీకి ఇటే వెళతారు కదా, చూస్తారేమోనని ఖాళీ కుండీలు పెరట్లో దాచాను. మిగతావి వాటి పక్కనే ఉన్నాయి."

ఐజాక్‌కి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. ఆవిడ కూడా నవ్వారు, కొంచెం భయంగానే. పెరట్లోకి వెళ్ళి ఇద్దరూ మిగిలిన గులాబీలు చూశారు. ఒకదానికి మొగ్గ ఉంది. బండి వెనకున్న అగపాంథస్ కుండీ విప్పి, అతను ఆ ఖాళీ కుండీల పక్కన పెట్టాడు.

"ఇది చావదంటండి. పూస్తుందని మాత్రం చెప్పలేను."

"అయితే నాలాంటిదానికి సరిపోతుంది" అన్నారావిడ.

వానలొచ్చాయి, వెళ్ళాయి. అగపాంథస్ పూయలేదు. కార్తీకంలో చలిగాలికి ఆకులు ఇంకా నిగనిగలాడాయి గానీ మొగ్గ రాలేదు. ఐజాక్ దాని గురించి బెంగపెట్టుకోలేదు. ఎండిన ఆకులు తీసేసేవాడు, వేలు గుచ్చి చూసి, మట్టి పొడిగా ఉంటేనే చెంబుతో పోసేవాడు. చాలాసార్లు పోయాల్సిన పనే ఉండేది కాదు. అదే అతనికి వెలితిగా ఉండేది. ఇంటికొచ్చేవాడు, చూసేవాడు, అన్నీ బాగానే ఉండేవి. చేయడానికేమీ ఉండేది కాదు. పాపాయి అతనికి ఏ కష్టమూ మిగల్చకుండా వెళ్ళింది. ఆ కష్టమే ఇప్పుడు కావాలనిపించింది.

క్రిస్మస్ అయ్యాక డిపోలో డ్యూటీ మార్చమని అడిగాడు. హైదరాబాద్ సర్వీసు కోసం ఎంతోమంది కాచుకుని ఉంటే, ఉన్నవాడు వదులుకుంటాననడం అందరికీ వింతగా తోచింది. ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బాగానే ఉంది, సాయంత్రానికి ఇంట్లో ఉండాలి అన్నాడు. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్ళే బస్సు ఇచ్చారు. పొద్దున్నే వెళితే చీకటి పడకముందే ఇంటికి.

ఆ వారమే కడియం వెళ్ళాడు. గణేష్‌బాబు చూస్తూనే, "చచ్చిందా అండి?" అన్నాడు.

"లేదండి, బాగుంది. నాకు రోజూ నీళ్ళడిగే మొక్క ఒకటి కావాలి."

గణేష్‌బాబు ఆశ్చర్యపోయాడు. "అదేంటండి, ఆవిడ ఒకటడిగితే మీరు దానికి ఎదురు అడుగుతున్నారు."

"అప్పుడు ఆవిడ అడిగింది కరెక్టేనండి. ఇప్పుడు నేను సాయంత్రాలు ఇంట్లో ఉంటున్నాను."

గణేష్‌బాబు లోపలికి వెళ్ళి కనకాంబరం నారు తెచ్చి పెట్టాడు. "ఒక పూట మర్చిపోతే తల వేలాడేస్తుంది. నీళ్ళు పోస్తే లేస్తుంది. అలా మాటిమాటికీ చేస్తే మాత్రం లేవదు. అలాగని ఎక్కువ పోస్తే వేరు కుళ్ళు. చూసుకోవాలండి."

"చూసుకుంటాను" అన్నాడు ఐజాక్.

మొదటి విడతలో చాలా పోయాయి. కొన్ని నీళ్ళెక్కువై, కొన్ని ఎందుకో తెలియకుండానే. పోయిన ప్రతిసారీ బాధపడ్డాడు గానీ కుండీల చుట్టూ తిరగలేదు. పీకి పారేసి, కొత్త నారు తెచ్చి, మళ్ళీ పెట్టాడు. నీళ్ళు పోయడానికి పైపు వాడటం మానేశాడు. చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో పోస్తుంటే ఎంత పోస్తున్నాడో చేతికి తెలిసేది. బస్సు నడిపేటప్పుడు బ్రేకు మీద కాలికి తెలిసినట్టే.

ఫాల్గుణమాసం వచ్చేసరికి ఓ వరస నిలదొక్కుకుంది. ఒక సాయంత్రం అతను ఖాకీ చొక్కా విప్పకుండానే చెంబు పట్టుకుని కూర్చుని ఉంటే, గేటు దగ్గర వరహాలక్ష్మిగారు ఆగారు. స్కూలు నుంచి వస్తున్నారు, చేతిలో సంచి ఉంది.

"పూశాయే అన్నయ్యగారూ. నాలుగు కోసుకోనా?"

"కోసుకోండి. లోపలికి రండి."

ఆవిడ సంచి మెట్టు మీద పెట్టి, వంగి, విచ్చిన పూలు మాత్రమే చూసి కోసి కొంగులో వేసుకున్నారు. చివరి మొక్క ఆకులు కాస్త వాలి ఉండటం ఆవిడే ముందు గమనించారు.

"దీనికి పోయలేదా అండి?"

"అక్కడిదాకా ఇంకా రాలేదు" అని ఐజాక్ చెంబు నింపుకోవడానికి లేచాడు.